తిమింగిలమునకు అంటగట్టిన ఒంటరితనము

‘ది లోన్లియెస్ట్ వేల్’ అను పేరుతో 2021 జూలైలో అమెరికాలో విడుదలైన డాక్యుమెంటరీ చిత్రమును ఇటీవల చూచితిని. లోకములోకెల్ల ఒంటరియైన తిమింగిలమని ఆ పేరునకు తాత్పర్యము. జాషువా జీమన్ దానికి దర్శకుడు. ప్రఖ్యాతనటుడు లియొనార్డో డికాప్రియో నిర్మాణమునకు అండగా నిలిచెను. సముద్రయాత్రకై నాలుగు లక్షల డాలర్లకు పైగా ధనమును 2015లో ప్రజలే చందాలుగా నిచ్చిరి. ఇంతటి ప్రజాభిమానమును, ఇంతటి ధనసాహాయ్యమును, అన్నిటికి మించి విజ్ఞానశాస్త్రచరిత్రలోనే అపురూపమైన ఇతివృత్తమును చేత నుంచుకొనియు, ఆ చిత్రము తాను చెప్పవలసిన కథను పక్కకు నెట్టి, మనుష్యుల ఒంటరితనపు కథను దాని స్థానమున నిలిపి ముగియుట నాకు తీవ్రమైన ఆశాభంగము కలిగించినది. చెడ్డచిత్రమైనచో ఇంత బాధ యుండదు. మంచిచిత్రము కాదగినది చేజాఱిపోయినందుకే ఈ బాధ.

ఆ కథ సముద్రగర్భమున, యుద్ధభయము నడుమ పుట్టినది. సోవియట్ జలాంతర్గాముల జాడ కనిపెట్టుటకై అమెరికా నౌకాదళము 1950ల నుండి మహాసముద్రముల అడుగున హైడ్రోఫోనులను, అనగా నీటిలోని శబ్దములను గ్రహించు యంత్రములను, వరుసలుగా అమర్చి, తీరమందలి కేంద్రములలో రాత్రింబవళ్లు చెవియొగ్గి యుండెను. ఆ వ్యవస్థకు సోసస్ అని పేరు. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,500 మీటర్లు, అనగా గాలిలోకంటె నాలుగు రెట్లకు పైగా వేగముతో పయనించును. పైగా సముద్రపు లోతులలో ఉష్ణోగ్రతయు పీడనమును కలసి యేర్పఱచు ఒకానొక పొరలో ప్రవేశించిన మంద్రస్వరములు అంతగా క్షీణింపక వేలకొలది కిలోమీటర్లు సాగిపోవును. 1991లో దక్షిణ హిందూమహాసముద్రమందలి హెర్డ్ ద్వీపము చెంత శాస్త్రజ్ఞులు నీటిలో మ్రోగించిన 57 హెర్ట్జ్‌ల ధ్వని అమెరికా ఉభయతీరములందును పట్టుబడినదన్నచో, సముద్రమునకు శబ్దమును మోయగల శక్తి ఎంతటిదో ఊహింపవచ్చును. అట్టి సముద్రమున, 1989లో, ఉత్తర పసిఫిక్‌లోని యంత్రములకు ఒక అపరిచితస్వరము చిక్కినది. రీతిలో అది తిమింగిలపు పిలుపే. కాని నీలి తిమింగిలములును ఫిన్ తిమింగిలములును సాధారణముగా 20 హెర్ట్జ్‌ల చెంత, మానవకర్ణమునకు అందీ అందని అట్టడుగు స్థాయిలో పలుకుచుండగా, ఇది మాత్రము 52 హెర్ట్జ్‌ల చెంత పలికినది.

ఆ పిలుపును విని విడిచిపెట్టక, జీవితపు చివరి సంవత్సరముల వఱకు దాని వెంట నడచినవాడు వుడ్స్ హోల్ సముద్రవిజ్ఞానసంస్థకు చెందిన విలియం వాట్కిన్స్. ఆయన జీవితమే యొక గ్రంథమునకు చాలును. క్రైస్తవ మిషనరీల బిడ్డగా పశ్చిమాఫ్రికాలో జన్మించి, అచ్చటి భాషలనేకము నేర్చి, లైబీరియాలో రేడియోకేంద్రమును నెలకొల్పుటలో పాలుపంచుకొని, పిదప సముద్రజీవుల శబ్దములవైపు మఱలి, విలియం షెవిల్ అను పెద్దలతో కలసి, ఓడలపై పనిచేయగల శబ్దగ్రహణపరికరములను స్వయముగా నిర్మించి, టోక్యో విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టమును పొందిన మనుష్యు డాయన. మనుష్యుల భాషలు వినుటలో తీఱిన చెవి, రేడియో తరంగములలో తీఱిన చెయ్యి, ఈ రెండును సముద్రములో వచ్చి కలిసినవి. సుమారు అఱువది జాతుల సముద్రక్షీరదముల ధ్వనులతో ఆయన పేరిట నేడు లోకమునకంతకు తెఱచియున్న శబ్దభాండాగారము ఆ కలయికకు ఫలము. ఆ భాండాగారములోని ధ్వనులను ఎవరైనను, ఎచ్చటనుండియైనను వినవచ్చును. ఈ వ్యాసమును చదువుచున్న విద్యార్థులు తప్పక వినవలెనని నా కోరిక.

ప్రచ్ఛన్నయుద్ధము ముగిసిన పిమ్మట నౌకాదళము తన రహస్యశ్రవణవ్యవస్థలో కొంతభాగమును శాస్త్రజ్ఞులకు తెఱవగా, వాట్కిన్సును ఆయన సహచరులును 1992 నుండి పండ్రెండు సంవత్సరములు ఆ ఒక్క స్వరమును అనుసరించిరి. ఏటేట శరత్కాలమున అది వినవచ్చును. శీతకాలము గడచుసరికి యంత్రముల పరిధిని దాటి మాయమగును. అలాస్కా చేరువలోని అల్యూషియన్, కోడియాక్ ద్వీపములు మొదలు కాలిఫోర్నియా తీరము వఱకు దాని సంచారము. ఒక ఋతువులో అది నడచిన దారి 708 కిలోమీటర్లే కాగా, మఱొక ఋతువులో 11,062 కిలోమీటర్లు. ఆ జంతువును చూచినవాడు లేడు. దాని రంగు తెలియదు, కొలత తెలియదు, ఆడయో మగయో తెలియదు. కనబడని ప్రాణి యొక్క గమనమును కేవలము చెవితో, పటముపై గీతగా, పండ్రెండేండ్లు గీయుట యన నేమో ఒక్కమాఱు తలపోసి చూడుడు! ఆ ఫలితములను తెలుపు వ్యాసము 2004లో ఒక శాస్త్రపత్రికయందు వెలువడినది. ఆ సంవత్సరమే వాట్కిన్స్ కన్నుమూసెను. ఆ వ్యాసము చెప్పినదంతయు ఇంతే: ఈ స్వరము ఒకే మూలమునుండి వచ్చుచున్నట్లు తోచుచున్నది, ఇట్టిది మఱొకటి ఇంతవఱకు ఎచ్చటను దొరకలేదు, ఏండ్లు గడచినకొలది స్వరము కొంత క్రిందికి దిగినది. ఆ ప్రాణి దుఃఖించుచున్నదనిగాని, పిలిచి పిలిచి బదులు దొరకక తిరుగుచున్నదనిగాని వాట్కిన్స్ నిర్ధారించి చెప్పలేదు.

దుఃఖము పత్రికలతో వచ్చినది. 2004 డిసెంబరులో ఒక ప్రముఖ అమెరికన్ దినపత్రిక ఈ పరిశోధనను ప్రకటింపగనే, తన పలుకు ఎవరికిని వినబడని తిమింగిలమన్న భావన జనుల మనస్సులలో నాటుకొన్నది. వాట్కిన్స్ సహరచయిత్రి మేరీ యాన్ డాహెర్‌కు ఉత్తరములు వచ్చి పడినవి: ప్రణయమున భగ్నులైనవారివి, బధిరులవి, ఏకాంతముననే బ్రతుకు వెళ్లదీయువారివి. ఆ ఉత్తరములు వ్రాసినవారిని నేను నిందింపను. ఆర్తుడైనవాడు తన వేదనకు సమానవేదనను ఎచ్చటనైన వెదకుకొనుట మానవస్వభావము. కాని ఆ వేదనను ఆధారముగా గొని, ఋజువులను పరీక్షించుటయే తన ధర్మమైన డాక్యుమెంటరీ చిత్రము కూడ అదే భావనను తలకెత్తుకొని, దానినే పేరుగా పెట్టుకొని, దానినే సంగీతముతోను ఛాయాగ్రహణముతోను పోషించుట వేఱు విషయము. నా ఫిర్యాదంతయు ఇచ్చటనే యున్నది.

చిత్రములో ఏమున్నదో న్యాయముగా చెప్పవలెను. దర్శకుడు తానే అన్వేషకుడై, ఆ 52 హెర్ట్జ్‌ల తిమింగిలమును కన్నులార చూడవలెనను పట్టుదలతో, శాస్త్రజ్ఞులను కూర్చుకొని దక్షిణ కాలిఫోర్నియా సముద్రములో ఏడు దినములు గాలించును. స్క్రిప్స్ సముద్రవిజ్ఞానసంస్థకు చెందిన జాన్ హిల్డెబ్రాండ్ నీటిలో శ్రవణయంత్రములు జాఱవిడిచి తెరపై స్వరరేఖలను పరికించుటయు, దశాబ్దములుగా ఆ తీరపు తిమింగిలములను ఎఱిగిన జాన్ కాలంబొకిడిస్ చిన్నపడవపై మహాకాయముల ప్రక్కకు చేరి వాటి వీపున పరికరమును అంటించుటయు ఇందులో ఉన్నవి. ఆ క్షణములందు చిత్రము ప్రాణముతో తొణికిసలాడినది. తిమింగిలము ఊపిరి విడిచినప్పుడు లేచు ఆవిరిస్తంభమును, నీటిపైన దాని వెన్ను నిదానముగా వంగి మునుగుటను కెమెరా శ్రద్ధతో పట్టినది. తిమింగిలవేటను, ఓడల రొదను, ఓడలు ఢీకొను ప్రమాదమును చిత్రము స్పృశింపక పోలేదు. వాట్కిన్సును స్మరింపకయు పోలేదు.

అయినను ప్రతి సందర్భమునందును చిత్రము శాస్త్రజ్ఞుని వాక్యమును సగమువఱకు విని, తక్కిన సగమునకు ఆధునికమానవుని ఏకాంతచింతను నింపును. యంత్రములతో చుట్టబడియు ఒకరికొకరు దూరమైపోవుచున్నామన్న విలాపము మంచిదే కావచ్చును, దానికి తిమింగిలమెందుకు? ఒకని పండ్రెండేండ్ల తపస్సును ఉపోద్ఘాతముగా కుదించి, ఏడుదినముల అన్వేషణను కథాశరీరముగా విస్తరించుటలో ప్రమాణమే తలక్రిందులైనది. ఇచ్చట దొరకునా, దొరకదా అన్న ఉత్కంఠ ప్రేక్షకుని పట్టి యుంచును గాని, శాస్త్రము నిజముగా ఎట్లు నడచునో, అనగా నెలల తరబడి ఏమియు తోచని రికార్డులను పరీక్షించుటలోని ఓర్పు, ఒక ఊహను కట్టి తానే దానిని కూల్చుకొను నిజాయితీ, ఎదురుచూచినది రాకున్నను వచ్చినదానిని వ్రాసి యుంచుటలోని నిష్ఠ, ఇవి ఈ వేగమున కానరావు. పరిశోధకులు దర్శకుని ఆకాంక్షకు సహాయకులైపోయిరి. వారి ప్రశ్నలేమో, ఆ ప్రశ్నలు వారి నిద్రను ఎట్లు చెఱచునో, మనము తనివితీర ఎఱుగము.

ఇక ఆ ఒంటరితనము సంగతి. 52 హెర్ట్జ్‌ల స్వరము తక్కిన తిమింగిలములకు వినబడదనుటకు ఆధారము లేదు. నీలి తిమింగిలముల స్వరములు ప్రాంతమునుబట్టి మాఱుచుండును. అవి పలుకు పరిధికి కొంత ఎగువనున్న స్వరమును వినలేవనుట, మన యూరివారు పొరుగుజిల్లా యాసను వినలేరనుట వంటిది. పోనీ, ఆ ప్రాణి నీలి, ఫిన్ జాతుల సంకరమేమో అన్న ఊహ శాస్త్రజ్ఞులలో ఉన్నది. అట్లయినను ఒంటరితనము సిద్ధింపదు. ఏలయన, ఐస్‌లాండు సమీపమున 1986లో వేటకు చిక్కిన అట్టి సంకరజాతి తిమింగిలము గర్భముతో నుండినట్లు జన్యుపరీక్షలతో కూడిన అధ్యయనము తెలిపినది. ఇంకను ముఖ్యమైన విషయమొకటి: 1960ల నుండి ప్రపంచసముద్రములందంతట నీలి తిమింగిలముల స్వరము క్రమక్రమముగా మంద్రమగుచున్నదని, కాలిఫోర్నియా తీరపు వాటి స్వరము సుమారు 31 శాతము దిగినదని 2009లో మెక్‌డొనాల్డ్, హిల్డెబ్రాండ్, మెస్నిక్ అను మువ్వురు ప్రకటించిరి. కారణము నేటికిని వాదగ్రస్తమే. మన 52 హెర్ట్జ్‌ల ప్రాణియొక్క స్వరము కూడ ఏండ్లు గడచినకొలది దిగుచునే వచ్చినది. తన బంధుజాతులతోపాటు తానును అటే సాగుచున్న ఈ ప్రాణిని వెలివేయబడినదానిగా ఎట్లు తలతుము? పైగా, ఒకదానికొకటి దూరముగానున్న యంత్రములపై ఆ బాణిలోని పిలుపులే 2010లో పట్టుబడినవనియు, కావున అట్లు పలుకు ప్రాణి ఒకటికంటె ఎక్కువ యుండవచ్చుననియు చిత్రమునకు పూర్వమే పత్రికలలో వచ్చినది. ఇది తెలిసిన చిత్రము తన పేరును ఏల మార్చుకొనలేదు? ఈ సందేహములను ముగింపుమాటలుగా గాక మొదటి అంకముననే నిలిపి, వాటి చుట్టును కథను నడిపియుండినచో ఎంతటి రసవత్తరమైన చిత్రమయ్యెడిది!

ఒక కల్పితదుఃఖముపై ఇంత కరుణ ప్రవహింపగా, యథార్థదుఃఖమునకు మిగిలిన దెంత? ఇరువదవ శతాబ్దమున మనుష్యులు యంత్రపడవలతోను ప్రేలుడు ఈటెలతోను సంహరించిన తిమింగిలముల సంఖ్య సుమారు 29 లక్షలు. అంటార్కిటిక్ సముద్రమున వేటకు పూర్వము రెండు లక్షలకు పైబడియుండిన నీలి తిమింగిలములు 1970ల తొలినాళ్లకు మూడునాలుగు వందలకు దిగినవని శాస్త్రజ్ఞుల అంచనా. ఏకాంతమన నేమో తెలిసికొనగోరువాడు ఈ అంకెల ఎదుట నిలువవలెను: పిలుపునకు బదులు పలుకువారు ఒక సముద్రమంతటను నశించిపోవుట. దానికి కారణము విధి కాదు, స్వరభేదము కాదు. మన సబ్బులు, మన మార్గరీను, మన కర్మాగారములు.

వేట తగ్గినను రొద తగ్గలేదు. 2001 సెప్టెంబరు 11 నాటి దాడుల తరువాత కెనడాలోని బే ఆఫ్ ఫండీలో ఓడల రాకపోకలు కొన్నిదినములు సన్నగిల్లగా, నీటిలోని రొద ఆఱు డెసిబెల్లులు తగ్గెనని, అదే సమయమున అచ్చటి రైట్ తిమింగిలముల మలములో ఒత్తిడిని సూచించు హార్మోనుల అంశములు కూడ తగ్గెనని రోజలిండ్ రోలండ్ బృందము 2012లో వెల్లడించినది. మనుష్యులు మహావిపత్తులో మునిగియున్న ఆ దినములే సముద్రములోని ఆ జీవులకు విశ్రాంతి దినములైనవి. మఱి 2024లో డెన్మార్కులో పనిచేయు శాస్త్రజ్ఞుడు కోయెన్ ఎలెమన్స్ బృందము, నీలి తిమింగిలము వంటి బలీన్ తిమింగిలముల స్వరపేటికను పరిశీలించి, అవి పలుకగల స్వరములును, పలుకగల లోతులును సరిగ్గా ఓడల రొద ఆక్రమించు పరిధిలోనే యున్నవనియు, తప్పించుకొని పలుకుటకు వాటికి శరీరనిర్మాణమే అవకాశ మీయదనియు కనుగొన్నది. ఇంతకంటె హృదయవిదారకమైన ఇతివృత్తము ఏ దర్శకునికి కావలెను? దర్శకుడు గాలించిన దక్షిణ కాలిఫోర్నియా తీరమే లాస్ ఏంజిలెస్, లాంగ్ బీచ్ రేవులకు వచ్చిపోవు మహానౌకల దారి. నీలి తిమింగిలములు మేతకై చేరు చోటును అదే. ఆ దారి నడుమ నిలిచి చెప్పవలసిన మాటకు చిత్రము కొలది నిముషములనే కేటాయించి, తిరిగి తన ఏకాంతగీతమునకు మఱలిపోయినది.

కరుణ లేకున్న సామాన్యప్రేక్షకుడు చూడడని, కథనము కొఱకు కొంత కల్పన తప్పదని కొందఱు వాదింతురు. ఆ వాదమునకు చరిత్రయే సమాధానము. 1970లో రోజర్ పేన్ హంప్‌బ్యాక్ తిమింగిలముల గానమును గ్రామఫోను రికార్డుగా లోకమునకు వినిపించెను. అందులోని ధ్వనులలో కొన్ని బెర్ముడా చెంత నౌకాదళపు పనిలోనున్న ఫ్రాంక్ వాట్లింగ్టన్ అను ఇంజనీరు పట్టియుంచినవి. ఆ గానమునకు ఏ దుఃఖకథను తొడుగలేదు. అవి ఏమి పలుకుచున్నవో తెలిసినట్లు ఎవరును నటింపలేదు. వరుస వెంట వరుసగా, పల్లవివలె మఱలి మఱలి వచ్చు స్వరవిన్యాసమును ఉన్నదున్నట్లు వినిపించిరి. లక్షలజనులు నిశ్చేష్టులై వినిరి. తిమింగిలరక్షణోద్యమమునకు ఆ రికార్డు ఊపిరియైనది. 1982లో అంతర్జాతీయ తిమింగిలవేటసంఘము వాణిజ్యపువేటను నిలుపవలెనని తీర్మానించుటకు పూర్వరంగమున ఆ గానము నిలిచియున్నది. మర్మమును మర్మముగా గౌరవించినంత మాత్రమున జనుల హృదయము మూతపడదనుటకు ఇంతకంటె వేఱు నిదర్శన మేల?

జంతువులచేత మనుష్యభాషను పలికించుట మన సాహిత్యమునకు క్రొత్త కాదు. చిన్నయసూరి నీతిచంద్రికలో కాకియు, మూషికమును, కూర్మమును స్నేహధర్మమును చర్చింప మనము తరతరములుగా ఆనందించితిమి. కాని ఆ కథ తాను కథనని మొదటినుండియు చెప్పుకొని నడచును. అందులోని కాకిని చూచి ఎవరును పక్షిశాస్త్రము నేర్వరు. డాక్యుమెంటరీ చేయు వాగ్దానము వేఱు. ఇది నిజమని అది మన చేతిలో చేయివేసి చెప్పును. పిల్లలు దానినే పాఠముగా గ్రహింతురు. నేడు ఇట్టి చిత్రములు మన ఇండ్లలోనికి కూడ వచ్చుచున్నవి; వాటిని చూచి పెరుగు తెలుగుబిడ్డ, తిమింగిలమనగా మన బాధకు ఉపమానమని తలచునో, మనకు అందని ఇంద్రియశక్తితో మనకు తెలియని లోకమున మెలగు ప్రాణియని తలచునో, అది ఆ చిత్రకారుల చేతిలో నున్నది.

మన సముద్రములును ఈ చర్చకు దూరము కావు. అరేబియా సముద్రమున హంప్‌బ్యాక్ తిమింగిలముల గుంపొకటి తక్కిన హంప్‌బ్యాక్‌లవలె ధ్రువసముద్రములకు వలసపోక, ఏడాది పొడుగున అచ్చటనే నివసించును. ఒమాన్ తీరమున వాటి సంఖ్య నూఱునకు లోపే యని అంచనా. 1966లో సోవియట్ నౌకలు అక్రమముగా వందలకొలది వేటాడుటయే ఆ క్షీణతకు ఒక కారణము. వాటిలో లూబాన్ అను పేరుగల ఆడతిమింగిలము, ఉపగ్రహపరికరమును మోయుచు, 2017 చివర ఒమాన్ తీరమునుండి బయలుదేఱి భారతదేశపు దక్షిణాగ్రమునకు వచ్చి మఱలిపోయినది. మన తూర్పుతీరమునందు 2023 జూలైలో శ్రీకాకుళం జిల్లా మేఘవరము ఒడ్డునకు సుమారు ఇరువదియైదు అడుగుల తిమింగిలము కొట్టుకొనివచ్చినప్పుడు చుట్టుప్రక్కలవారు తండోపతండములుగా వచ్చి చూచి పోయిరి. ఎందుకు వచ్చినది, ఏ దారిన వచ్చినది, ఏ రొదనుండి వచ్చినది అని అడిగి నెలల తరబడి కూర్చుండువారిని గూర్చిన చిత్రమును తెలుగులో తీయదగిన యువకులు విశాఖపట్టణమునందును హైదరాబాదునందును లేకపోలేదు. సముద్రవిజ్ఞానకేంద్రములు ఆ రెండు నగరములందును ఉన్నవి. ఆ యువకులు ఆ కేంద్రములను ఆశ్రయింపవలెను. ధనికులును ప్రసారసంస్థలును వారికి తోడు నిలువవలెను.

జీమన్ చిత్రమును చూడవలదని నేననను. హిల్డెబ్రాండ్, కాలంబొకిడిస్‌లు పనిచేయుచున్న ఘట్టములకై తప్పక చూడుడు. చూచిన పిదప వాట్కిన్స్ భాండాగారములోని ధ్వనులను, ఏ వ్యాఖ్యానమును లేకుండ, ఒకటి రెండు గడియలు వినుడు. ఆ పండ్రెండేండ్ల శ్రవణమునకు తగిన చలనచిత్రము ఇంకను తీయబడలేదు.